చేతి దెబ్బలకు పాకెట్ అల్ట్రాసౌండ్ ఎంతవరకు పనికొస్తుంది? లీనియర్ ప్రోబ్ రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాం. ఫోనుకో ట్యాబ్‌కో తగిలించి వాడే పాకెట్ అల్ట్రాసౌండ్‌లో లీనియర్ ప్రోబ్ (చర్మం మీద పెట్టి చూసే, చదును ముఖం ఉన్న తల) ఉంటే, చేతి ఎముక విరిగిందని అది చూపించినప్పుడు నమ్మొచ్చు. ఏమీ కనపడలేదు కాబట్టి విరగలేదని రాసివ్వడానికి మాత్రం లేదు, ఎక్స్‌రే తీయాల్సిందే. ఈ తేడా తెలిసి కొన్నవాళ్ళకు ఇది మంచి వస్తువు. ఎక్స్‌రే మిషనుకు బదులుగా కొనాలనుకునేవాళ్ళు ఆ డబ్బు దాచుకోవడం మేలు.

కందుకూరు, కావలి, ఆత్మకూరు, పొదిలి, దర్శి, కనిగిరి లాంటి ఊళ్ళలో పది ఇరవై పడకలతో నడిచే నర్సింగ్ హోములకు, వాటి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లకు పనికొచ్చేలా ఈ రివ్యూ రాస్తున్నాం. నెల్లూరు పొగతోటలో ఎటు తిరిగినా ఆసుపత్రులే, స్కానింగ్ సెంటర్లే. ఒంగోలులో సర్వజన ఆసుపత్రి ఉంది. అక్కడ ఏ వేళకు పోయినా ఫిల్ము చేతికొస్తుంది. ఎక్స్‌రే టెక్నీషియన్ సాయంత్రానికే ఇంటికెళ్ళిపోయే చిన్న ఊళ్ళదే అసలు ఇబ్బంది. వచ్చే దెబ్బలు కూడా చిన్నవి కావు. చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ రాయి కింద నలిగిన వేళ్ళు, రొయ్యల గుంటల దగ్గర ఏరియేటరు తగిలినవి, రైస్ మిల్లు బెల్టులో ఇరుక్కున్నవి, పడవ మోకు లాగుతూ మెలిపడినవి, హైవే మీద బండి జారి చెయ్యి ఆనించి పడ్డవి, కోపంలో గోడను గుద్దినవి. వాచిన చెయ్యి చూసి విరిగిందో బెణికిందో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా కష్టమే.

ఎముక మీద అల్ట్రాసౌండ్ పనిచేస్తుందా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఎముక లోపలికి ధ్వని తరంగం పోదు, ఆ మాట నిజమే. పోకపోవడమే ఇక్కడ మనకు కలిసొచ్చేది. ఎముక పై పొరను తాకిన తరంగంలో ఎక్కువ భాగం వెనక్కి తిరిగొస్తుంది కాబట్టి తెర మీద ఎముక తెల్లటి గీతలా, దాని కింద నల్లటి నీడలా కనిపిస్తుంది. మంచి ఎముకకు ఆ గీత ఎక్కడా తెగదు. విరిగిన చోట గీత తెగుతుంది, లేదా ఒక ముక్క పైకి ఒక ముక్క కిందకి మెట్టులా కనిపిస్తుంది. కండలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 0.15 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అందుకే మిల్లీమీటరు కంటే తక్కువ మెట్టు కూడా తెలుస్తుంది. పొట్ట చూసే 3 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో అదే పొడవు అర మిల్లీమీటరు దాటిపోతుంది. పైగా ఆ ప్రోబ్‌లకు చర్మం కింద మొదటి కొన్ని మిల్లీమీటర్లు మసకే. వేలి వెనక వైపు ఎముక ఉండేది సరిగ్గా ఆ లోతులోనే. అందుకని గర్భిణుల స్కానింగ్‌కు వాడే కర్వ్ ప్రోబ్ ఎలాగూ ఉంది కదా, దాంతోనే వేలు చూసేద్దాం అనుకోవద్దు.

మార్కెట్లో ఉన్నవాటిని మూడు తీర్లుగా చూడొచ్చు. ఫిలిప్స్ లూమిఫై ఎల్12-4 లాంటివి వైరుతో ట్యాబ్‌కు తగిలేవి. పేరులోనే ఉన్నట్టు 4 నుంచి 12 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తాయి, కేవలం లీనియర్. జీఈ వీస్కాన్ ఎయిర్ సీఎల్ లాంటివి వైరు లేనివి, ఒక కొస కర్వ్, రెండో కొస లీనియర్. బటర్‌ఫ్లై ఐక్యూ వరుసలోవి స్ఫటికాలకు బదులు సిలికాన్ చిప్‌తో పనిచేసి, ఒకే తలతో అన్ని రకాల స్కానులూ చేస్తాయి. చేతి వేళ్ళకే అయితే మా ఓటు మొదటి రకానికి, రెండో రకంలో లీనియర్ కొసకు. ఒకే తల అన్నీ చేసేది పొట్టకు, గుండెకు, ఊపిరితిత్తులకు కలిపి కొనేవాళ్ళకు లాభం. వేలి మీది సన్నటి స్నాయువుల (టెండన్ల) దగ్గరికి వచ్చేసరికి అసలైన లీనియర్ ప్రోబ్ బొమ్మే ముందుంటుంది. పైగా బటర్‌ఫ్లైకి ఏటా మెంబర్‌షిప్ కట్టాల్సి ఉంటుంది, ఆ లెక్క కొనేముందే వేసుకోవాలి. పెద్ద బండి మిషను ఉన్న స్కానింగ్ సెంటర్లలో హాకీ స్టిక్ అనే చిన్న ప్రోబ్ ఉంటే, వేళ్ళకు దాన్ని మించింది లేదు. కానీ అది క్యాజువాలిటీ టేబుల్ దగ్గరికి రాదు.

వీటన్నిటికీ ఉమ్మడి లోపం ఒకటుంది. ప్రోబ్ ముఖం మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల పొడవు, సమతలం. మనిషి వేలు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల వెడల్పు, గుండ్రం. వేలికి అడ్డంగా పెడితే రెండు వైపులా గాలి సందు మిగులుతుంది, బొమ్మ పోతుంది. నిలువుగా పెట్టినా కణుపుల దగ్గర ఎత్తుపల్లాలకు ఒక కొస లేస్తుంది. ఆ సందు పూడ్చాలని గట్టిగా నొక్కితే విరిగిన వేలున్న మనిషి కేక పెడతాడు, నొక్కుడుకు చర్మం కింద చేరిన రక్తం పక్కకు జరిగి కనపడాల్సిన గుర్తు కూడా మాయమవుతుంది. ఈ ఒక్క కారణంతోనే చాలాచోట్ల మిషను మూలన పడుతోంది. దీనికి మందు నీళ్ళ టబ్బు. చేతి దెబ్బకు ఈ మిషను విలువంతా టబ్బులోనే ఉంది కాబట్టి అది కాస్త వివరంగా చెప్పుకుందాం.

చెయ్యి మణికట్టు దాకా మునిగే ప్లాస్టిక్ టబ్బు చాలు. స్టీలు బేసిన్ వద్దు, అడుగు నుంచి తరంగం తిరిగొచ్చి బొమ్మలో దొంగ గీతలు పడతాయి. గోరువెచ్చటి నీళ్ళు పది పన్నెండు సెంటీమీటర్ల లోతు పోయాలి. కొళాయి కింద జోరుగా పట్టిన నీళ్ళలో సన్న బుడగలు నిండుతాయి. పట్టి అయిదు నిమిషాలు అలా వదిలేస్తే తేరుకుంటాయి. చెయ్యి పెట్టే ముందే ఉంగరాలు, గాజులు తీయించాలి. వాపు ఎక్కిన వేలికి ఉంగరం రాకపోతే దారం చుట్టి తీయాలి, లేదా కత్తిరించాలి. స్కాను తర్వాత చూద్దాంలే అని వదిలితే రక్తప్రసరణ ఆగి వేలికే ముప్పు. చెయ్యి నీళ్ళలో పెట్టాక చర్మానికి అంటుకున్న బుడగలను మన గ్లవ్ వేళ్ళతో మెల్లగా తుడవాలి. ఒక్కో బుడగ కింద నీడ పడుతుంది, ఆ నీడ ఎముక గీతను తెంపినట్టు చూపిస్తుంది. కొత్తవాళ్ళు ఫ్రాక్చర్ అని రాసేసేవాటిలో ఇదొకటి.

ఇప్పుడు ప్రోబ్ ముఖాన్ని నీళ్ళలో ఒక సెంటీమీటరు మాత్రం ముంచి, చర్మానికి ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడంగా పట్టుకోవాలి. చర్మాన్ని తాకే పనే లేదు. జెల్ అక్కర్లేదు. నీళ్ళే తరంగాన్ని మోస్తాయి. సెట్టింగుల్లో ఎంఎస్‌కే (ఎముకలు, కండరాలు) లేదా సూపర్‌ఫిషియల్ (చర్మం దగ్గరివి) ప్రీసెట్ ఎంచుకోవాలి. లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు చాలు. ఫోకస్ మార్చే వీలుంటే ఎముక గీత ఉన్న లోతుకు తేవాలి. గెయిన్, అంటే బొమ్మ వెలుగు, తగ్గించడం మరవొద్దు. నీళ్ళు తరంగాన్ని దాదాపుగా పీల్చుకోవు కాబట్టి మామూలు గెయిన్‌తో ఎముక గీత లావుగా వెలిగిపోయి, సన్నటి బీట అందులో కలిసిపోతుంది. గీత సన్నగా, పదునుగా కనిపించేదాకా తగ్గిస్తూ పోవాలి.

మిషను పెట్టె మీద నీటి రక్షణ గుర్తు ఎంతుందో కొనేముందే చూసుకోండి. చాలా ప్రోబ్‌లలో ముఖం వరకే తడవొచ్చు, వైరు మొదలు, కనెక్టరు తడవకూడదు. అనుమానం ఉంటే గ్లవ్ లోపల జెల్ వేసి ప్రోబ్‌కు తొడిగి, ముఖం దగ్గర గాలి లేకుండా బిగించి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేయాలి. టబ్బు నీళ్ళు ఒక్కరికి ఒకసారే. పారబోసి, టబ్బు కడిగి, ఆరబెట్టాకే రెండో మనిషికి. తెరిచిన గాయం ఉన్న చేతిని టబ్బులో పెట్టొద్దు. ఎముక విరిగిన చోటే చర్మం చిరిగి ఉంటే అది ఓపెన్ ఫ్రాక్చర్. స్కాను కోసం ఆలస్యం చేయకుండా గాయాన్ని సెలైన్‌తో కడిగి, టీటీ, యాంటీబయాటిక్ ఇచ్చి, స్లాబ్ (ఒక వైపే వేసే పిండికట్టు) వేసి పంపాలి. గాయం పక్కన చూడక తప్పనప్పుడు స్టెరైల్ కవరు, స్టెరైల్ జెల్‌తో గాయానికి దూరంగా చూడొచ్చు. టబ్బుకు వీల్లేనిచోట గ్లవ్‌లో నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా ముడివేసి, వేలి మీద దిండులా పరిచి దాని పైనుంచి చూసినా పని జరుగుతుంది. టబ్బు అంత బాగుండదు, కానీ చంటిపిల్లలకు ఇదే అనువు.

స్కాను వరుస గురించి. ముందు బాగున్న చెయ్యి, అదే వేలు చూడాలి. రెండు నిమిషాల పని, కానీ దీన్ని ఎగ్గొట్టినవాళ్ళే ఎక్కువగా పొరబడతారు. తర్వాత దెబ్బ తగిలినవాళ్ళను అడగాలి: "నొప్పి ఎక్కడుంది నాయనా, ఒక్క వేలితో చూపించు." చెయ్యంతా చూపిస్తే మళ్ళీ అడగాలి. చూపించిన ఆ చోటే మన మొదటి గురి. వేలి వెనక వైపు నిలువుగా మొదలుపెట్టి పై కణుపు నుంచి గోరు దాకా, ఆ తర్వాత అరచేతి వైపు, ఆ తర్వాత రెండు పక్కలా. అడ్డకోత చివర్లో. గీత తెగినట్టు కనపడిన చోట ప్రోబ్‌ను తొంభై డిగ్రీలు తిప్పి, రెండు దిక్కులా కనపడితేనే ఫ్రాక్చర్ అనాలి. అయిదు సెకన్ల క్లిప్ సేవ్ చేయాలి, విడి ఫోటో చాలదు. మర్నాడు ఆర్థో డాక్టరు అడిగేది క్లిప్పే.

విరిగిన గుర్తు గీత తెగడం ఒక్కటే కాదు. ఎముకను అంటుకుని సన్నగా నల్లటి పొర కనపడితే అది విరుపు చుట్టూ చేరిన రక్తం. ఎముక మీది పెరియోస్టియం పొర గీత నుంచి లేచి కనపడినా గుర్తే. తెగిన గీత, దాని పక్కనే రక్తం, నొప్పి చూపించిన చోటూ అదే: ఈ మూడూ కలిస్తే ఇక ఆలోచించే పనిలేదు. గీత తెగి, రక్తం లేక, నొప్పి వేరే చోట ఉంటే అది పాత విరుపో, మరేదో అయ్యుంటుంది.

ఆ మరేదో ఏమిటన్నది తెలియకుండా ఈ మిషను ముట్టుకోకూడదు. కీలు దగ్గర రెండు ఎముకల మధ్య సందు ఎప్పుడూ తెగిన గీతలాగే కనిపిస్తుంది. వేలు మెల్లగా వంచమంటే సందు కదిలి కీలని తెలిసిపోతుంది. పిల్లల్లో ఎదుగుదల పొర ఇంకా పెద్ద చిక్కు. చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా అరచేతి ఎముకలకు ఆ పొర వేళ్ళ వైపు కొసన ఉంటుంది. బొటనవేలి అరచేతి ఎముకకు మణికట్టు వైపు ఉంటుంది. వేళ్ళ ఎముకలన్నిటికీ అరచేతి వైపు కొసన. పదేళ్ళ పిల్లవాడి చిటికెన వేలి కణుపు కింద గీత తెగి కనపడితే, రెండో చేతిలో కూడా అక్కడే అలాగే ఉందా అని చూడకుండా కట్టు వేయొద్దు. బొటనవేలి మొదటి కణుపు దగ్గర అరచేతి వైపు సెసమాయిడ్ అనే చిన్న ఎముకలుంటాయి, వాటిని విరిగి ఊడిన ముక్కలనుకుంటారు. వయసు మళ్ళినవాళ్ళలో కీళ్ళ అరుగుదల వల్ల పెరిగిన ముళ్ళు మెట్టులా కనిపిస్తాయి. ఎముకలోకి రక్తనాళం దూరే రంధ్రం కూడా సన్నటి బీటలా మోసం చేస్తుంది. దాని అంచులు నున్నగా ఉంటాయి, చుట్టూ రక్తం ఉండదు.

ఏ ఎముకకు ఎంత నమ్మకం? అరచేతి ఎముకల కాడ, మెడ భాగాలకు మా మార్కులు ఎక్కువ. గోడను గుద్దినప్పుడు విరిగే చిటికెన వేలి అరచేతి ఎముక మెడ ఇందులో బాగా దొరుకుతుంది, ముక్క అరచేతి వైపు వంగిన కోణం కూడా సుమారుగా తెలుస్తుంది. వేళ్ళ ఎముకల కాడ భాగం కూడా బాగానే కనిపిస్తుంది. గోరు కింద చివరి ఎముక నలిగినప్పుడు నీళ్ళలో గోరు మీదుగానే చూడొచ్చు, గోరు తరంగాన్ని పూర్తిగా ఆపదు. ముక్కలు ముక్కలైతే తెలుస్తుంది. సన్న బీటయితే తప్పిపోవచ్చు. కీలు లోపలికి దూరిన విరుపుల దగ్గర నమ్మకం పడిపోతుంది, ఎందుకంటే కీలు లోపలి ముఖం మీద తరంగం నేరుగా పడదు, ఎదుటి ఎముక నీడ అడ్డొస్తుంది. అరచేతి ఎముకల మొదళ్ళు మణికట్టు దగ్గర ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఉంటాయి, అక్కడా అంతే.

మణికట్టులోని చిన్న ఎముకలకు, ముఖ్యంగా బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్‌కు, ఈ మిషను మీద ఆధారపడొద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చెయ్యి ఆనించి పడినవాళ్ళకు బొటనవేలు చాపినప్పుడు దాని మొదట్లో ఏర్పడే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, అల్ట్రాసౌండ్ ఏం చెప్పినా, మొదటి ఎక్స్‌రే బాగున్నా కూడా, స్కాఫాయిడ్ విరిగిందనే అనుకుని బొటనవేలు కలిపి స్లాబ్ వేయాలి. పది నుంచి పద్నాలుగు రోజులకు మళ్ళీ ఎక్స్‌రే, లేదా ఎమ్మారై, సీటీ. ఆ ఎముకకు రక్తం చివరి వైపు నుంచి మొదటికి పోతుంది. నడుమ విరిగి, గమనించక వదిలేస్తే మొదటి ముక్కకు రక్తం అందక చచ్చుపడుతుంది. కూలిపని చేసుకునే మనిషి కుడిచెయ్యి పట్టు జీవితాంతం పోతుంది.

ప్రచారంలో వినిపించే ఒక మాటను కూడా తూచి చూడాలి. రేడియేషన్ లేదు కాబట్టి అల్ట్రాసౌండే మేలు అంటారు. చేతి ఎక్స్‌రేలో శరీరానికి అందేది సుమారు 0.001 మిల్లీసీవర్ట్ మాత్రమే. ప్రకృతిలో మామూలుగా అందరికీ ఏటా అందేది అంతకు రెండు వేల రెట్లకు పైనే. ఆ భయంతో ఎక్స్‌రే మానేయడం తగదు. గర్భిణికి కూడా, అవసరమైతే, ఇతర జాగ్రత్తలతో చెయ్యి ఎక్స్‌రే తీయొచ్చు. ఇంకో మాట, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 270 మందిపై చేసి 2023లో ప్రచురించిన బకిల్డ్ అనే అధ్యయనాన్ని అమ్మేవాళ్ళు చూపిస్తారు. మంచి అధ్యయనమే. ముందు అల్ట్రాసౌండ్ చూసినవాళ్ళకు, ముందు ఎక్స్‌రే తీసినవాళ్ళకు నాలుగు వారాల తర్వాత చెయ్యి పనితీరులో తేడా రాలేదు. అయితే అది ముంజేతి చివర విరుపుల మీద, పిల్లల మీద, తర్ఫీదు పొందినవాళ్ళతో చేసింది. దాన్ని పెద్దవాళ్ళ వేళ్ళకు, మణికట్టు చిన్న ఎముకలకు అంటగట్టకూడదు.

మరి ఈ మిషను ఎక్స్‌రేను దాటిపోయే చోట్లు లేవా అంటే ఉన్నాయి, మా లెక్కలో కొనడానికి అసలు కారణాలు అవే. ఎముక సరిచేసేటప్పుడు టేబుల్ మీదే చూడొచ్చు. లాగి సర్దాక మెట్టు పోయిందా లేదా అప్పుడే తెలుస్తుంది. స్లాబ్ ఆరాక ఎక్స్‌రే తీసి, కుదరలేదని మళ్ళీ విప్పే బాధ తగ్గుతుంది. ఒక హెచ్చరిక: వేలు పురితిరిగిందా అన్నది ఈ స్కాను మీద వదిలేయొద్దు, కళ్ళతోనే చూడాలి. "పిడికిలి మెల్లగా పట్టమ్మా" అని అడిగితే వేళ్ళ కొసలన్నీ మణికట్టు బొటనవేలి వైపు ఒక్క చోటుకే చూపించాలి. ఒక వేలు పక్కవేలి మీదికి ఎక్కితే పురి ఉన్నట్టే, ఎక్స్‌రేలో ఎంత చిన్న విరుపు కనపడినా ఆర్థో దగ్గరికి పంపాల్సిందే.

స్నాయువులు రెండోది. బంతి తగిలి వేలి చివరి కణుపు వాలిపోయిన మనిషికి స్నాయువు తెగిందా, ఎముక ముక్కతో ఊడిందా అన్నది టబ్బులో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. తెగితే ఆరు నుంచి ఎనిమిది వారాలు చివరి కణుపు చాపి ఉంచే స్ప్లింట్ వేయాలి, మధ్యలో ఒక్కసారి వంచినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. బొటనవేలి లోపలి వైపు లిగమెంటు తెగిందా అన్నది ఎక్స్‌రేలో కనపడదు, ఇందులో కనపడుతుంది.

మూడోది ముల్లు. ప్రకాశం మెట్ట పొలాల్లో, నెల్లూరు గుంటల గట్ల మీద సర్కారు తుమ్మ లేని చోటు లేదు. దాని ముల్లు వేలిలో విరిగిపోతే ఎక్స్‌రేలో కనపడదు, కర్ర పుల్లా అంతే. ఏమీ లేదని మందులిచ్చి పంపితే రెండు వారాలకు చీము పట్టి మళ్ళీ వస్తారు. అల్ట్రాసౌండ్‌లో ముల్లు వెలుగు గీతలా, కింద నీడతో కనపడుతుంది. ఒకటి రెండు రోజులు గడిస్తే చుట్టూ నల్లటి వలయం కట్టి ఇంకా తేలికగా దొరుకుతుంది. ఎంత లోతులో ఉంది, ఏ దిక్కు పడుకుంది, పక్కన రక్తనాళం ఉందా అన్నది చూసి చర్మం మీద పెన్నుతో గీత గీసుకుని తీస్తే కోత చిన్నది. గాజు ముక్కలు, చేప ముళ్ళు కూడా దొరుకుతాయి. ఈ వైపు ఊళ్ళలో ఈ ఒక్క పనికే మిషను డబ్బులు వస్తాయని మా నమ్మకం.

మన వైపు ఇంకో సంగతి. దెబ్బ తగలగానే ముందు పుత్తూరు కట్టుకు పోయొచ్చి, నొప్పి తగ్గక ఆసుపత్రికి వచ్చేవాళ్ళు బాగానే ఉంటారు. కోడిగుడ్డు సొనతో కలిపిన ఆకు మందు ఎండి చర్మానికి పట్టు పట్టి ఉంటుంది. దాని మీదుగా తరంగం పోదు, వెదురు బద్దల సంగతి చెప్పే పనేలేదు. కట్టు విప్పక తప్పదు. విప్పడానికి మనసొప్పని పెద్దవాళ్ళతో తగువు పడొద్దు. "వేలి రంగు, తిమ్మిరి చూడాలి పెద్దాయనా, కట్టు బిగుతుగా ఉందేమో" అని చెబితే ఒప్పుకుంటారు, అది నిజం కూడా. గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నాననిస్తే మందు ఊడుతుంది, ఆ టబ్బులోనే నీళ్ళు మార్చి స్కాను చేయొచ్చు.

ఎండ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు. రోగి ఒంటికి తగిలే ప్రోబ్ ముఖం 43 డిగ్రీలు దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం, అందుకే వేడెక్కితే మిషను తనంతట తానే ఆగిపోతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని డ్రెస్సింగ్ రూములో అది ఎక్కువసేపు నడవదు. అవసరం లేనప్పుడు ఫ్రీజ్ నొక్కండి, స్కాను జరగకపోతే వేడి పుట్టదు. వైరు రకం ప్రోబ్ ఫోను బ్యాటరీని లాగేస్తుంది, ఆ ఫోను కూడా వేడెక్కుతుంది. దీనికి విడిగా ఒక ట్యాబ్ పెట్టుకుని, వాట్సాప్, సిమ్ లేకుండా ఉంచడం మంచిది. రోగి బొమ్మల గోప్యతకు కూడా అదే పద్ధతి. కొనే ముందు కంపెనీ ఇచ్చిన ఫోన్ల జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూడాలి. యాప్ అప్‌డేట్ అయ్యాక పాత ఫోను పనిచేయకపోవడం మామూలే.

ప్రోబ్‌లు చెడేది ఎక్కువగా మూడు కారణాలతో. వైరు చుట్టచుట్టి మొదలు దగ్గర విరగడం, టేబుల్ మీదనుంచి జారి పడటం, స్పిరిట్ దూదితో తుడవడం. స్పిరిట్‌కు ముఖం మీది రబ్బరు పొర ఎండి చిట్లుతుంది, ఆ చీలికలోంచి నీళ్ళు దిగితే ప్రోబ్ పోయినట్టే. కంపెనీ పుస్తకంలో ఒప్పుకున్న వైప్‌లే వాడాలి. ఈ మాట నర్సమ్మకు, ఆయమ్మకు కూడా చెప్పి, గోడ మీద కాగితం అంటించాలి. బొమ్మలో పై నుంచి కింద దాకా ఒకే చోట సన్నటి నల్లగీత ఎప్పుడూ కనపడుతుంటే లోపల స్ఫటికం చచ్చిందని అర్థం. దాన్ని ఫ్రాక్చర్ నీడ అనుకునే ప్రమాదం ఉంది. ప్రోబ్ జరిపినా గీత తెర మీద అక్కడే ఉంటే తప్పు మిషనుదే.

చట్టం గురించి చెప్పకుండా ఈ రివ్యూ ముగించలేం. అల్ట్రాసౌండ్ ఏదైనా, వేలు చూడటానికే కొన్నా, లింగ నిర్ధారణ నిషేధించిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కిందికే వస్తుంది. ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉండాలి, అది అయిదేళ్ళకు చెల్లుతుంది. ఈ మిషను, దాన్ని నడిపే డాక్టరు వివరాలు అందులో ఉండాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళకు అమ్మడమే నేరం. కాగితాలు తర్వాత చూసుకుందాం అనే అమ్మకందారును గుమ్మం ఎక్కనివ్వొద్దు. 2012 సవరణ ప్రకారం పోర్టబుల్ మిషనును రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలో ఇన్‌పేషెంట్ల కోసమో, ఇతర వైద్య సేవలూ అందించే మొబైల్ మెడికల్ యూనిట్‌లో భాగంగానో మాత్రమే వాడాలి. జేబులో పెట్టుకుని ఊళ్ళు తిరగడం, కబడ్డీ పోటీల దగ్గర చూడటం కుదరదు. అందుకని కేవలం ఓపీ నడిపే క్లినిక్‌వాళ్ళు కొనకముందే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. మొదటి తప్పుకు మూడేళ్ళ దాకా జైలు, పది వేల దాకా జరిమానా ఉన్నాయి. ఈ చట్టం ఆడపిల్లల ప్రాణం కోసం వచ్చింది, విసుక్కోకుండా పాటించాలి.

మా తీర్పు: పడకలుండి, రిజిస్ట్రేషన్ ఉండి, రాత్రిపూట క్యాజువాలిటీ నడిపే నర్సింగ్ హోము 12 మెగాహెర్ట్జ్ దాకా పోయే లీనియర్ ప్రోబ్ తప్పకుండా కొనొచ్చు. ఎక్స్‌రే మిషను లేని చోట ముందు ఎక్స్‌రే, తర్వాతే ఇది. పొట్ట, గుండె చూడటానికి మరో మిషను ఎలాగూ ఉంటే ఒకే తల రకం వేళ్ళ కోసం కొనొద్దు.

డెమోకు వచ్చినవాళ్ళను ఏసీ గదిలో మెడ మీద రక్తనాళం చూపించి పోనివ్వకండి. టబ్బు నీళ్ళు తెప్పించి, మీ చిటికెన వేలు అందులో పెట్టి, చివరి కణుపు సందు, దాని మీదుగా పోయే స్నాయువు, గోరు కింద ఎముక గీత మూడూ ఒకే బొమ్మలో చూపించమనండి. అరగంట ఆపకుండా నడపమనండి, ఫ్యాను కిందే. స్నాయువు పోగులు విడివిడిగా కనపడకపోయినా, అరగంటలోపే వేడెక్కి ఆగిపోయినా, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ప్రోబ్ ముఖానికి వారంటీ ఎన్నేళ్ళు, పాడైతే బాగుచేయడానికి ఎక్కడికి పంపాలి, తిరిగొచ్చేదాకా బదులు ప్రోబ్ ఇస్తారా అన్న మూడింటికీ జవాబు కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి.